మా పోనీని మళ్లీ పచ్చికలోకి ఎప్పుడు వదలొచ్చు?

ప్రశ్న: మా దగ్గర పదకొండేళ్ల ఆడ పోనీ, అంటే పొట్టి జాతి గుర్రం, ఉంది. పేరు చుక్కి. మూడేళ్ల క్రితం మా అమ్మాయి కోసం తెచ్చుకున్నాం. పగలంతా పచ్చికలో వదిలేసేవాళ్లం, సాయంత్రం కాస్త దాణా పెట్టేవాళ్లం. బాగా ఒళ్లు చేసింది, మెడ మీద కొవ్వు పేరుకుంది. అది ఆరోగ్యమే అనుకున్నాం. మూడు వారాల క్రితం ఒక పొద్దున చూస్తే అడుగు తీసి అడుగు వేయలేకపోయింది. ముందుకాళ్లు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడింది. డాక్టర్ వెంటనే వచ్చి లామినైటిస్, అంటే గిట్టల లోపలి పొరలు దెబ్బతినే జబ్బు, అన్నారు. రక్తపరీక్షలో ఇన్సులిన్ ఎక్కువగా ఉంది, దీనికి మెటబాలిక్ సిండ్రోమ్, అంటే ఒంట్లో ఇన్సులిన్ అదుపు తప్పే జబ్బు, ఉందని చెప్పారు. పచ్చిక, దాణా ఆపేసి నొప్పి మందు మొదలుపెట్టాం. ఇప్పుడు బాగానే నడుస్తోంది. నాలుగు రోజులు కడుపు మాడిస్తే ఒళ్లు తగ్గుతుందని ఒకరు, రోజూ నడిపిస్తే కాళ్లు సాఫీ అవుతాయని ఇంకొకరు చెబుతున్నారు. అది కంచె దగ్గర నిలబడి పచ్చికకేసి చూస్తుంటే మా అమ్మాయి ఏడుస్తోంది. మళ్లీ ఎప్పుడు వదలొచ్చు? మా అమ్మాయి మళ్లీ దాని మీద స్వారీ చేయగలదా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: అమ్మా, చుక్కి ఇవాళ తన కాళ్ల మీద తాను నడుస్తోందంటే మీరు ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను పిలిచారు కాబట్టే. చాలామంది రేపటికి అదే సర్దుకుంటుందని రెండు రోజులు ఆగుతారు. గిట్ట లోపల పెద్ద నష్టమంతా ఆ రెండు రోజుల్లోనే జరిగిపోతుంది. అయితే మీ ఉత్తరంలో ఒక విషయం స్పష్టంగా లేదు. అది బాగా నడుస్తున్నది మందు వేసుకుంటూనా, మానేశాకా? మందు ఇంకా ఇస్తున్నట్టయితే, బాగా నడుస్తోందంటే నొప్పి తెలియడం లేదని మాత్రమే అర్థం. గిట్ట మానిందని కాదు. మీ ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ తేడా దగ్గరే మొదలవుతుంది.

గిట్ట లోపల ఏమవుతుందో తెలిస్తే నేను ఎందుకంత గట్టిగా చెబుతున్నానో మీకే అర్థమవుతుంది. గిట్ట అనే గట్టి డొప్పలో ఒక చిన్న ఎముక ఉంటుంది. అది అడుగున ఆనుకుని కూర్చోదు, డొప్ప గోడలకు వేలాడుతూ ఉంటుంది. ఎముకకూ గోడకూ మధ్య, రెండు చేతుల వేళ్లు ఒకదానిలో ఒకటి జొనిపినట్టు, సన్నటి పొరలుంటాయి. ఒక్కో గిట్టలో ఇవి 550 నుంచి 600 దాకా ఉంటాయి. జంతువు బరువంతా ఈ పట్టు మీదే ఆధారపడి ఉంది. రక్తంలో ఇన్సులిన్ గంటల తరబడి, రోజుల తరబడి ఎక్కువగా ఉండిపోతే ఈ పొరలు సాగి పట్టు వదులుతాయి. అప్పుడు ఎముక ముందుకు తిరుగుతుంది, లేదా కిందికి జారుతుంది. ఆ తిరిగిన ఎముక మొన అడుగు భాగాన్ని లోపలి నుంచి నొక్కుతుంది. చుక్కి ముందుకాళ్లు చాపి మడమల మీద నిలబడింది ఆ నొప్పిని తప్పించుకోవడానికే.

ఈ జబ్బుకు మూలం ఇన్సులినే అని 2007లో ఆస్ట్రేలియాలో చేసిన ఒక ప్రయోగంలో తేటతెల్లమైంది. ఏ జబ్బూ లేని పోనీలకు రక్తనాళంలోకి ఇన్సులిన్ ఎక్కువ మోతాదులో ఎక్కిస్తూ, చక్కెర పడిపోకుండా గ్లూకోజ్ కూడా ఇస్తూ ఉంచారు. మూడు రోజుల్లోపే వాటన్నిటికీ నాలుగు కాళ్లలోనూ లామినైటిస్ వచ్చింది. అందుకే ఇది కాళ్లలో బయటపడే జబ్బే గానీ కాళ్లలో పుట్టే జబ్బు కాదంటాను. చుక్కి ఒంట్లో చక్కెర, పిండి పదార్థం పడగానే ఇన్సులిన్ మామూలు కంటే ఎన్నో రెట్లు పైకి పోతోంది. ఆ స్వభావం పోదు. దాన్ని అదుపులో పెట్టుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

మీరు తప్పు చేశామని బాధపడుతున్నట్టు ఉత్తరం చదివితే తెలుస్తోంది. షెట్లాండ్, వెల్ష్, డార్ట్‌మూర్ లాంటి బ్రిటన్ పోనీ జాతులు చలిగాలుల కొండల మీద, పలచటి గడ్డితో బతికాయి. ఎండాకాలం పట్టిన ఒళ్లు చలికాలంలో కరిగిపోయేది. అలాంటి ఒంటికి ఏడాది పొడవునా నిండైన పచ్చిక, పైన దాణా దొరికితే కరిగే కాలమంటూ ఉండదు. మెడ గట్టు మీద, తోక మొదట, కంటి పైన గుంటల్లో కొవ్వు చేరుతుంది. చూసేవాళ్లకు అది నిగనిగలాడే ఆరోగ్యంలాగే కనిపిస్తుంది.

ఇక కడుపు మాడ్చమన్న సలహా. దయచేసి ఆ పని చేయకండి. ఇన్ని సలహాల్లో దాని ప్రాణం తీయగలిగిన సలహా ఇదే. లావుగా ఉన్న పోనీకి ఒక్కసారిగా మేత ఆపితే ఒంట్లోని కొవ్వు వరదలా రక్తంలోకి వచ్చేస్తుంది. దీన్ని హైపర్‌లిపీమియా అంటారు. కాలేయం ఆ కొవ్వును తట్టుకోలేదు. రక్తం తీసి చూస్తే పైన తేరిన ద్రవం పాలలా తెల్లగా ఉంటుంది. పోనీ నీరసించి, తల వేలాడేసి, పెట్టిన మేత కూడా ముట్టదు. ఆ దశ దాకా వచ్చాక చాలా పోనీలు దక్కవు. చుక్కి ఎప్పుడైనా తనంతట తాను ఒక పూట మేత మానేసినా మీరు ఎదురుచూడకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి.

మరి ఎంత పెట్టాలి? ముందు బరువు తెలియాలి. కాటా లేకపోయినా టేపుతో దగ్గరి అంచనా వస్తుంది. ముందుకాళ్ల వెనకగా ఛాతీ చుట్టుకొలత ఒకటి, భుజం మొన నుంచి పిర్ర మొన దాకా పొడవు ఒకటి, రెండూ సెంటీమీటర్లలో తీసుకోండి. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, మళ్లీ పొడవుతో హెచ్చించి, వచ్చినదాన్ని 11,877తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 140, పొడవు 120 అనుకుంటే 198 కిలోలు, అంటే దాదాపు 200. రోజుకు బరువులో ఒకటిన్నర శాతం పొడి మేత (తేమ తీసేసి లెక్కేస్తే) అనే లెక్కన మూడు కిలోలు. ఎండుగడ్డిలోనూ కొంత తేమ ఉంటుంది కాబట్టి తూకం మీద మూడుంపావు కిలోలకు కాస్త ఎక్కువ. కళ్లతో చూసి వేసే ఒక కట్ట ఒకరోజు రెండు కిలోలుంటే ఇంకోరోజు నాలుగుంటుంది. అందుకే ఒక వేలాడే తూకం తెచ్చుకోండి. ఇది దాటి తగ్గించాల్సి వస్తే ఆ నిర్ణయం డాక్టర్‌దే, రక్తపరీక్షలు చూసుకుంటూ చేయాల్సిన పని.

గడ్డి ఎంత అన్నదానికంటే ఏ గడ్డి అన్నది ఇంకా ముఖ్యం. ఎండుగడ్డి కదా, ఏముంటుందిలే అనుకుంటారు. కొన్ని ఎండుగడ్డుల్లో చక్కెర, పిండి పదార్థం కలిపి 20 శాతం కూడా దాటుతుంది. చుక్కికి కావాల్సింది 10 శాతం, మహా అయితే 12 శాతం లోపున్న గడ్డి. ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే తప్ప ఇది తెలియదు, రంగును బట్టి చెప్పలేం. పరీక్ష వీలు కాకపోతే, బాగా ముదిరి గింజ రాలాక కోసిన, కాడ ఎక్కువున్న గడ్డి ఎంచుకుని నీళ్లలో నానబెట్టండి. నానితే చక్కెర కొంత నీళ్లలోకి దిగిపోతుంది. కనీసం గంటైనా మునిగి ఉండాలి, చల్లటి కాలమైతే రాత్రంతా ఉంచొచ్చు. ఎండలు బాగా ఉంటే గంటకు మించి వద్దు, పులిసిపోతుంది. ఆ నీళ్లు పారబోయాలి, పోనీకి అందకూడదు. తూకం నానబెట్టక ముందే వేసుకోవాలి. ఎంత చక్కెర పోతుందన్నది గడ్డిని బట్టి మారుతుంది కాబట్టి నానబెట్టాం కదా అని పరీక్ష అక్కర్లేదనుకోకండి. చక్కెరతో పాటు ఖనిజాలు కూడా పోతాయి. ఎండుగడ్డిలో విటమిన్ ఈ ఎలాగూ తక్కువ. అందుకని పిండి, చక్కెర తక్కువగా ఉండి ప్రొటీన్, ఖనిజాలు, విటమిన్లు ఉండే బ్యాలెన్సర్ మేత రోజుకు గుప్పెడో రెండు గుప్పెళ్లో డాక్టర్ చెప్పిన కొలతలో ఇవ్వండి. ధాన్యం, మొలాసిస్ (చెరకు మడ్డి) కలిపిన దాణా, రొట్టె ముక్కలు, ఆపిల్, క్యారెట్ అన్నీ బంద్. తవుడు తేలికపాటి మేత అనుకుంటారు గానీ అందులోనూ పిండి బాగానే ఉంటుంది, అదీ వద్దు.

మీ అమ్మాయి ఏడుపుకు కారణం ఆకలి చూపు కదా. దానికో ఉపాయం ఉంది. మూడు కిలోల గడ్డి ముందు పడేస్తే పోనీ గబగబా తినేసి మిగతా రోజంతా ఖాళీగా నిలబడుతుంది. అదే గడ్డిని చిన్న కన్నాల వల సంచుల్లో పెట్టి, నాలుగైదు విడతలుగా, రెండు మూడు చోట్ల వేలాడదీయండి. అది కూడా తొందరగా అయిపోతుంటే ఒక వల మీద ఇంకో వల తొడగండి. పళ్లతో ఒక్కో పోచా లాగుకుంటూ గంటలు గడుపుతుంది. పగలు గానీ రాత్రి గానీ ఆరు గంటలకు మించి మేత లేకుండా ఉండకూడదన్నది గుర్తుంచుకుని రాత్రి చివరి సంచి బాగా పొద్దుపోయాక కట్టండి. పక్కన ఇంకో జంతువు తోడుంటే అది సగం దిగులు మర్చిపోతుంది, కాకపోతే ఆ తోడు జంతువు దాణా దీనికి అందకుండా చూసుకోవాలి.

నడిపించమన్న సలహా కూడా ఇప్పుడు పనికిరాదు. పట్టు వదిలిన పొరల మీద బలవంతంగా నడిపిస్తే ప్రతి అడుగుకీ అవి ఇంకొంచెం చిరుగుతాయి. ఇప్పుడు దానికి కావాల్సింది లోతైన మెత్తటి పరుపు. రంపపు పొట్టు గానీ మెత్తటి ఇసుక గానీ కనీసం జానెడు మందాన వేయండి. చాలామంది మధ్యలో వేసి గుమ్మం దగ్గర వదిలేస్తారు. పోనీ ఎక్కువసేపు నిలబడేది బయటకు చూస్తూ ఆ గుమ్మం దగ్గరే! గోడ నుంచి గుమ్మం దాకా పరవాలి. కావాలనుకుంటే పడుకోనివ్వండి, లేపకండి. పడుకుంటే గిట్టలకు విశ్రాంతి.

నొప్పి మందు సంగతి. మీకు ఇచ్చింది ఫినైల్‌బ్యుటజోన్ గానీ ఫ్లూనిక్సిన్ గానీ అయి ఉంటుంది. ఒకదానితో తగ్గలేదని ఇంట్లో ఉన్న ఇంకోటి కలిపి ఇవ్వకండి. పోనీలకు వీటివల్ల కడుపులో పుళ్లు, పేగు, మూత్రపిండాల దెబ్బ తొందరగా వస్తాయి. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపడం కూడా వద్దు, డాక్టర్ చెప్పిన వరసలో తగ్గించండి. మందు పూర్తిగా ఆగాక కూడా గట్టి నేల మీద తిరిగేటప్పుడు, ముఖ్యంగా చిన్న చుట్టు తిరిగేటప్పుడు వెనకాడకుండా అడుగు వేస్తే అప్పుడు గిట్ట నెమ్మదించిందని అనుకోవచ్చు. ఆ రోజు నుంచి ఇంకో నెల విశ్రాంతి ఇచ్చి, అప్పుడు మెత్తటి నేల మీద రోజుకు అయిదు పది నిమిషాల నడకతో మొదలుపెట్టమంటాను. నేనైతే ఆ నెలను ఒక్కరోజు కూడా కుదించను.

మీ ఉత్తరంలో ఎక్స్‌రే మాట లేదు. తీయించకపోతే ఈ వారమే తీయించండి. పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో ఎముక ఎంత తిరిగింది, ఎంత జారింది, అడుగున ఎంత మందం మిగిలింది అన్నవి కనిపిస్తాయి. గిట్టలు చెక్కే మనిషి ఆ ఎక్స్‌రే చూడకుండా పని చేయడమంటే చీకట్లో చేయడమే. ముందు వైపు పొడుగ్గా సాగిన మొనను వెనక్కి తేవాలి, మడమను మెల్లమెల్లగా సరిచేయాలి. అదీ డాక్టర్, ఆయన మాట్లాడుకుని చేయాల్సిన పని, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి. ఇప్పుడప్పుడే లాడాలు కొట్టించే తొందర వద్దు. మెత్తటి అట్ట పెట్టిన గిట్ట బూట్లు చాలా పోనీలకు సరిపోతాయి. బాగుపడుతున్న దశలో ఉన్నట్టుండి ఒక్క కాలే విపరీతంగా కుంటిందంటే లోపల చీము గడ్డ కట్టి ఉండొచ్చు. లామినైటిస్ తర్వాత ఇది తరచుగా జరిగేదే. చీము బయటికి తీస్తే తగ్గిపోతుంది, కాబట్టి అది చూసి ఆశ వదులుకోకండి.

రక్తపరీక్ష గురించి రెండు మాటలు. తీవ్రమైన నొప్పిలో ఉన్నప్పుడు ఇన్సులిన్ ఎలాగూ పెరుగుతుంది. కాబట్టి చుక్కి కుదుటపడ్డాక మళ్లీ పరీక్షించాలి. ఉపవాసం ఉంచి రక్తం తీస్తే ఇన్సులిన్ తక్కువగా కనిపించి మోసం చేస్తుంది. ముందు ఎండుగడ్డి తినిపించే తీయాలి. మిల్లీలీటరుకు 50 మైక్రోయూనిట్లు దాటితే జబ్బు ఉన్నట్టే. 20కీ 50కీ మధ్య వస్తే, చక్కెర పాకం తాగించి గంట, గంటన్నర తర్వాత రక్తం తీసే పరీక్షతో తేల్చుకుంటారు. వయసు పదకొండు కాబట్టి ఏసీటీహెచ్ అనే హార్మోన్ పరీక్ష కూడా అడగండి. మెదడులోని పిట్యూటరీ గ్రంథి జబ్బు, దాన్నే కుషింగ్స్ అంటారు, పదేళ్లు దాటిన పోనీల్లో మెటబాలిక్ సిండ్రోమ్‌తో కలిసి ఉండొచ్చు. అదుంటే మేత ఎంత సరిచేసినా లామినైటిస్ తిరగబెడుతుంది. దానికి పెర్గోలైడ్ అనే వేరే మందు ఉంది.

ఇన్సులిన్ తగ్గించే మందులు ఉన్నాయా అని మీరు తప్పకుండా అడుగుతారు. మెట్‌ఫార్మిన్ ఉంది గానీ గుర్రాల ఒంటికి అది సరిగా పట్టదు, ఫలితం అంతంత మాత్రం. మనుషుల మధుమేహానికి వాడే ఎర్టుగ్లిఫ్లోజిన్ లాంటి మందులు ఇన్సులిన్‌ను బాగా దించుతున్నాయి. మేత సరిచేసినా దిగనివాటికి, నొప్పి ఆగనివాటికి డాక్టర్లు ఇప్పుడు వాటిని వాడుతున్నారు. వాటితో రక్తంలో కొవ్వు పెరిగే ప్రమాదం ఉంది కాబట్టి పరీక్షలు చేయిస్తూనే వాడాలి. ఇంకొకటి, ముందుముందు దురదకో కంటికో స్టెరాయిడ్ ఇవ్వాల్సి వస్తే ఈ జబ్బు సంగతి డాక్టర్‌కు గుర్తుచేయండి. స్టెరాయిడ్లు ఇన్సులిన్‌ను పెంచుతాయి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, పచ్చిక. ఈ ఏడాది వద్దు అన్నది నా జవాబు. కఠినంగా అనిపిస్తుందని తెలుసు. కాసేపే వదులుదామని మీకు అనిపిస్తుంది. కానీ రోజుకు మూడు గంటలే వదిలిన పోనీలు, కొన్ని వారాలకు ఆ మూడు గంటల్లోనే రోజు మేతలో 40 శాతం దాకా తినేయడం నేర్చుకున్నాయని ఒక పరిశీలనలో తేలింది. సమయం తగ్గిస్తే అది వేగం పెంచుతుంది. పొట్టిగా కొరికేసిన పచ్చిక క్షేమమన్నదీ అపోహే. ఎదగలేక ఇబ్బంది పడే గడ్డి తన మొదళ్లలో చక్కెర దాచుకుంటుంది.

గిట్టలు బాగుపడి, బరువు తగ్గి, మళ్లీ చేసిన పరీక్షలో ఇన్సులిన్ దిగిందని డాక్టర్ చెప్పాక మాత్రం మూతికి చిక్కం కట్టి వదలొచ్చు. అడుగున చిన్న కన్నం ఉన్న చిక్కం కడితే తినే పచ్చిక సుమారు 80 శాతం తగ్గుతుంది. నీళ్లు తాగగలుగుతోందో లేదో, ముఖం ఒరుసుకుంటోందో చూసుకోవాలి. తెల్లవారుజామున వదిలి పొద్దెక్కక ముందే లోపలికి తేవాలి. ఎండ కాసేకొద్దీ గడ్డిలో చక్కెర పెరిగి సాయంత్రానికి పూర్తిగా నిండుతుంది, రాత్రి ఆ చక్కెరను వాడుకుని గడ్డి ఎదుగుతుంది. మంచు గడ్డకట్టిన పొద్దున మాత్రం అసలు వదలకూడదు. చలికి గడ్డి ఎదగక రాత్రి ఖర్చు కావాల్సిన చక్కెర అలాగే ఉండిపోతుంది. మొదటి రోజు అరగంట, వారం పాటు అంతే. వదిలిన రెండు మూడు వారాలకు ఇన్సులిన్ మళ్లీ చూపించాలి. పెరిగితే చుక్కికి పచ్చిక పడదని ఒప్పుకుని, గడ్డి లేని ఇసుక నేల మీద తిరిగే చోటు కట్టించండి. అలాంటి చోట్ల ఏళ్ల తరబడి హాయిగా బతికే పోనీలు చాలా ఉన్నాయి.

స్వారీ సంగతీ గిట్టే చెబుతుంది. గిట్ట గోడ నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లే పెరుగుతుంది. పైనుంచి దిగే కొత్త, బిగువైన గోడ ముందు మొన దాకా చేరడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. గిట్ట మీద గీతలు చూడండి. ముందు వైపు దగ్గరగా, మడమ వైపు దూరంగా విడిపోయే గీతలు పాత దెబ్బల గుర్తులు. ఇంతకుముందు మీకు తెలియకుండానే చిన్న చిన్న దాడులు వచ్చిపోయాయేమో అవే చెబుతాయి. ఏడాదికి ఎక్స్‌రేలో ఎముక సర్దుకుని కనిపిస్తే, మీ అమ్మాయి ఎక్కడానికి ఆశ ఉంది. మాట ఇవ్వలేను గానీ ఉంది. ఆ తర్వాత రోజువారీ చురుకైన నడక, పరుగు దానికి మేత నియమమంత మేలు చేస్తాయి.

ఒక కష్టమైన సంగతీ చెప్పాలి. ఎముక అడుగును చీల్చుకుని బయటికి వచ్చినా, ఎన్ని మందులిచ్చినా రోజంతా నొప్పితో పడుకునే ఉన్నా, దాన్ని బాధ నుంచి విడిపించే నిర్ణయం గురించి డాక్టర్‌తో మాట్లాడాల్సి వస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి చుక్కి అక్కడ లేదు.

మీ అమ్మాయికి ఒక పని అప్పగించండి. గిట్టకు పైనున్న కీలు వెనక, రెండు పక్కలా వేళ్లు ఆనిస్తే సన్నటి తాడులా తగిలే చోట నాడి ఉంటుంది. మామూలు రోజుల్లో అది వెతికినా సరిగా తెలియదు. లామినైటిస్ వస్తున్నప్పుడు టకటకా బలంగా కొడుతుంది. రోజూ పొద్దున నాలుగు కాళ్ల నాడీ, గిట్టల వేడి, మెడ గట్టు మెత్తగా ఉందా బిగిసిందా అన్నది చూసి ఒక నోట్‌బుక్‌లో రాయమనండి. ప్రతి ఆదివారం ఛాతీ చుట్టుకొలత కూడా. వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం తగ్గితే చాలు, 200 కిలోల పోనీకి అది ఒకటి రెండు కిలోలు. నాడి బలంగా కొట్టిన పొద్దున, చుక్కి ఇంకా కుంటకపోయినా, ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఆరు వారాల తర్వాత ఆ నోట్‌బుక్‌లోని అంకెలు, ఎక్స్‌రేలో ఏముందో నాకు రాయండి, చూసి తర్వాతి సంగతి చెబుతాను.